నల్లమలకా, తాడోబాకా? ఒంగోలు, నెల్లూరు నుంచి అడవికి వెళ్ళేవాళ్ళ కోసం

సెలవులు దగ్గరపడితే మనవైపు చాలా ఇళ్ళల్లో ఇప్పుడు ఒక మాట వినిపిస్తోంది. ఎప్పుడు చూసినా గుడికి పోవడం, లేకపోతే మైపాడు బీచో కొత్తపట్నం బీచో. ఈసారి అడవికి పోదాం, పిల్లలకు పులిని చూపిద్దాం అని. తప్పకుండా వెళ్ళాల్సిందే. కానీ ఆ ఒక్క మాటలో రెండు కోరికలున్నాయి. అడవిని చూడటం ఒకటి, పులిని చూడటం ఇంకొకటి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బయలుదేరేవాళ్ళకు ఈ రెండింటికీ దారులు వేరు. మొదటిదానికి నల్లమల ఉంది. రెండోదానికి మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న తాడోబా ఉంది. ఏది కావాలో ఇంట్లోనే తేల్చుకోకుండా బండెక్కినవాళ్ళు నల్లమలకు వెళ్ళి, "పులీ లేదు, గిలీ లేదు, వట్టి చెట్లే" అని తిరిగొస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అంత అడవి మన గుమ్మంలో పెట్టుకుని మనం దానికి వేసే మార్కులు అవా!

ముందు లెక్క చూడండి. 2022 దేశవ్యాప్త పులుల గణన ప్రకారం మన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో 58 పులులున్నాయి. రిజర్వు విస్తీర్ణం దాదాపు 3,296 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు మనదే. తాడోబా–అంధారి రిజర్వు సుమారు 1,727 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మనదాంట్లో సగం. పులులు మాత్రం 97. వంద చదరపు కిలోమీటర్లకు లెక్కేస్తే మన దగ్గర రెండుకు లోపు, అక్కడ ఐదున్నరకు పైన. దీనికి తోడు నల్లమల అంతా కొండలు, లోయలు, పీఠభూములు. జీపు తిరిగే దారులు తక్కువ, జనం తక్కువ, అందుకే జంతువుకు బండి చప్పుడు వినపడితే పక్కకు తప్పుకునే అలవాటు పోలేదు. తాడోబాలో నేల చాలాచోట్ల చదును. తాడోబా చెరువు, తేలియా చెరువు లాంటి నీటి వనరులున్నాయి, దుప్పులు బాగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి జీపుల్ని చూసి చూసి అక్కడి పులులు బండి ముందు నుంచే నడిచిపోతాయి.

కాబట్టి పులే కావాలనుకుంటే డబ్బు, సెలవు రెండూ దాచుకుని తాడోబాకు వెళ్ళండి. "నల్లమలలో అదృష్టం చూద్దాం" అనుకుని వెళ్ళకండి. నల్లమలకు వెళ్ళడానికి వేరే కారణాలున్నాయి, అవి చాలా గట్టి కారణాలు.

నల్లమలలో మూడు దారులు

మన జిల్లాల నుంచి నల్లమల సఫారీ అంటే ముఖ్యంగా మూడు చోట్లు చెప్పుకోవాలి: తుమ్మలబైలు, బైర్లూటి, పచ్చెర్ల.

తుమ్మలబైలు దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు మీదే ఉంది. శ్రీశైలం దర్శనానికి వెళ్తూనో, వస్తూనో ఆగి జీపెక్కవచ్చు. ఇదే దీని సుఖం, ఇదే దీని లోపం కూడా. సఫారీ చిన్నది. పైగా చాలామంది దర్శనం ముగించుకుని ఎండ నడినెత్తిన ఉండగా వస్తారు. ఆ వేళకు అడవిలో పక్షి కూడా నీడలోనే ఉంటుంది. జీపు వెళ్తుంది, వస్తుంది, ఫోటోలు దిగుతారు, అంతే. తుమ్మలబైలుకే వెళ్ళాలనుకుంటే దర్శనానికి ముందో వెనకో కాకుండా, పొద్దున తెరిచిన వెంటనే మొదటి జీపుకో, సాయంత్రం చివరి జీపుకో అందేలా ప్లాన్ చేసుకోండి. అదే దారి, అదే జీపు. కానీ కనపడే అడవి వేరు.

ఇక్కడ ఇంకో మాట. శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి అడవిలోంచి జీపుల్లో తీసుకెళ్తారు. దాన్ని కొందరు సఫారీ అని చెప్తారు. అది సఫారీ కాదు, రాళ్ళ దారిలో ఒళ్ళు హూనమయ్యే యాత్ర. అమ్మవారి మీద భక్తితో వెళ్ళండి, జంతువుల కోసం వెళ్ళకండి.

బైర్లూటి దోర్నాల నుంచి ఆత్మకూరు వెళ్ళే రోడ్డులో, ఆత్మకూరుకు దగ్గర్లో ఉంది. పచ్చెర్ల గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే ఘాట్ రోడ్డులో ఉంది. రెండూ నంద్యాల జిల్లాలోకి వస్తాయి గానీ మన పడమటి మండలాలకు పక్కిళ్ళే. రెండు చోట్లా అటవీశాఖ జంగిల్ క్యాంపులున్నాయి: రాత్రి బస, భోజనం, సఫారీ. నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్తాను: ఒక్కరోజులో హడావుడిగా తుమ్మలబైలు చూసి రావడం కంటే, ఒక రాత్రి బైర్లూటిలోనో పచ్చెర్లలోనో పడుకుని రావడం పది రెట్లు మేలు. ఎందుకంటే అడవిలో జరిగేదంతా పొద్దు వాలాక, పొద్దు పొడిచే ముందు జరుగుతుంది. అక్కడ పడుకున్నవాళ్ళకే ఆ రెండు వేళలూ దొరుకుతాయి.

ఆ రెంటిలో ఏది? ఒంగోలు, మార్కాపురంవైపు వాళ్ళకు బైర్లూటి అనువు. గిద్దలూరు, కంభం వాళ్ళకు పచ్చెర్ల ఊరి చివర ఉన్నట్టే. నెల్లూరు వాళ్ళకు కందుకూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం మీదుగా బైర్లూటే తిన్నగా పడుతుంది. రైలు ఇష్టపడేవాళ్ళకు పచ్చెర్లవైపు ఇంకో ఆకర్షణ ఉంది. గుంటూరు–నంద్యాల లైను గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చలమ స్టేషన్ల మీదుగా నల్లమల మధ్యలోంచి పోతుంది. పగటి రైల్లో కిటికీ దగ్గర కూర్చుంటే ఆ దారే సగం చూపు.

ఆ గిద్దలూరు–నంద్యాల అడవికి ఇంకో ప్రత్యేకత ఉంది, మనవాళ్ళకే ఎక్కువగా తెలీదు. ముదురు నీలి రంగులో మెరిసే ఒక పెద్ద సాలీడు ప్రపంచం మొత్తమ్మీద ఈ చుట్టుపక్కల అడవిలోనే ఉంది. 1899లో గుత్తిలో రైల్వే కలప మధ్య మొదటిసారి దొరికింది. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్ళీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనుక్కున్నారు. చెట్టు తొర్రల్లో ఉంటుంది కాబట్టి మీకు కనిపించదు, వెతకనూ కూడదు. కట్టెలకూ కలపకూ చెట్లు నరికి అడవి పాడవడం వల్ల అది అంతరించే స్థితికి వచ్చింది. కానీ ఆ చెట్ల కింద నుంచి వెళ్తున్నామని తెలిసి వెళ్ళడం వేరు.

పులి లేకపోతే చూసేదేముంది?

ఈ ప్రశ్నకు జీపులో మీ పక్కన కూర్చునే చెంచు గైడు జవాబు చెప్తాడు, మీరు అడిగితే. చాలామంది అడగరు. ఎక్కీ ఎక్కగానే "పులి ఎక్కడుంది?" అంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు. దానికి బదులు "ఈ దారిలో పొద్దున ఏం నడిచింది?" అని అడిగి చూడండి.

బండి ఆపిస్తాడు. దారి అంచున మెత్తటి దుమ్ములో జాడ చూపిస్తాడు. నాలుగు వేళ్ళు, వెనక పెద్ద మెత్త, గోరు గుర్తు లేదు. పులీ చిరుతా నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, అందుకని జాడలో గోరు పడదు. కొంచెం ముందుకు పోతే అలాంటి జాడే, కానీ వేళ్ళ కొసన చుక్కల్లా గోళ్ళు: అది రేచుకుక్క, అంటే అడవికుక్క. ఇంకాస్త ముందు చెదపుట్ట పగిలి, ఎర్రమట్టి తాజాగా చెదిరి ఉంటే రాత్రి ఎలుగుబంటి వచ్చిందని అర్థం. ఎలుగుకు పైదవడలో ముందరి రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలేటప్పుడు ఆ చెట్ల కిందికి అదే వస్తుంది. ఇవన్నీ చూశాక మా పిల్లలు జీపులో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కిందికి వంగి జాడలు వెతకడం మొదలుపెట్టారు. పులి ఊసే మర్చిపోయారు.

ఇంకొకటి, చెవులు పనిచేయించాలి. కొండముచ్చులు చెట్టు మీద ఆకులు తుంచి పారేస్తుంటే, దుప్పులు కింద చేరి అవి తింటుంటాయి. పైనున్నవాటికి చూపు ఎక్కువ, కిందున్నవాటికి వాసన ఎక్కువ. చిరుతనో పులినో పసిగడితే పై నుంచి కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది, కింద దుప్పి కీచుమంటుంది. అప్పుడు గైడు వేలెత్తి "మాట్లాడబాకండి సార్" అంటాడు. ఆ రెండు మూడు నిమిషాల టెన్షన్ కోసమే నేను నల్లమలకు మళ్ళీ మళ్ళీ వెళ్తాను. జంతువు బయటికి రాకపోయినా సరే.

తరచుగా కనిపించేవి దుప్పులు, కణుతులు (సాంబరు జింకలు), అడవిపందులు, నెమళ్ళు, కొండముచ్చులు. కాస్త ఓపిక పడితే చెట్ల కొమ్మల మధ్య పొడుగు తోకతో బెట్టుడుత, అంటే పెద్ద అడవి ఉడుత. చెట్లు కూడా గైడును అడగండి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, ఒకసారి చూపిస్తే పిల్లలు మళ్ళీ మర్చిపోరు. చిరుమాను, ఏగిస, తునికి, టేకు, వెదురు, అన్నీ ఆకురాల్చే జాతులే.

తాడోబా సంగతి

మనకు తాడోబా అనుకున్నంత దూరం కాదు. చెన్నై–ఢిల్లీ మెయిన్ లైను మన నెల్లూరు, ఒంగోలు, చీరాల మీదుగా పోయి బల్లార్షా, చంద్రపూర్ మీదుగానే నాగ్‌పూర్ వెళ్తుంది. జీటీ ఎక్స్‌ప్రెస్ లాంటి రైలు రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నంలోపు దిగొచ్చు. అందుకే రణథంబోర్, కాన్హా లాంటి పేర్లు వినపడినా మన జిల్లాల వాళ్ళకు మొదటి పులి యాత్రగా నేను తాడోబానే చెప్తాను. అదీ మన నల్లమల లాంటి ఆకురాల్చే అడవే, టేకు, వెదురు ఎక్కువ. 1955లో నేషనల్ పార్కు అయింది.

అక్కడ తేల్చుకోవాల్సింది కోర్ గేటా, బఫర్ గేటా అని. కోర్ అంటే రిజర్వు నడిభాగం, బఫర్ అంటే దాని చుట్టూ ఉన్న అడవి. కోర్‌లో మొహర్లీ, కొలారా, నవేగావ్ గేట్లు పేరున్నవి. చంద్రపూర్‌లో దిగేవాళ్ళకు మొహర్లీ దగ్గర. బఫర్‌లో అగర్‌జరీ, దేవాడా, జునోనా లాంటి గేట్లున్నాయి. కోర్ టికెట్లు నెలల ముందే అయిపోతాయి. శని, ఆదివారాల్లో రేటు ఎక్కువ. కోర్ దొరకలేదని ప్రయాణం మానుకోకండి, బఫర్‌లోనూ పులులు బాగానే కనిపిస్తాయి. కుదిరితే రెండు కోర్, ఒకటి బఫర్ కలిపి మూడు సఫారీలకు తగ్గకుండా పెట్టుకోండి. ఒక్క సఫారీకి అంతదూరం పోవడం మాత్రం వద్దు. అది లాటరీ కొన్నట్టే, తాడోబాలో అయినా. జిప్సీలో, అంటే సఫారీ జీపులో, ఆరుగురు కూర్చోవచ్చు. ఇద్దరే వెళ్ళినా బండి మొత్తం డబ్బు మీ మీదే పడుతుంది కాబట్టి రెండు కుటుంబాలు కలిసి వెళ్తే ఖర్చు చాలా కలిసొస్తుంది. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డే గేటు దగ్గర ఒరిజినల్ చూపించాలి. మంగళవారం పార్కు సెలవు, ఇది మర్చిపోయి టికెట్లు తీసేవాళ్ళు ఎందరో.

తాడోబాలో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. పులి కనపడగానే అన్ని జీపులూ ఒక్కచోటికి చేరతాయి. ముందుకు జరుపు, వెనక్కు జరుపు అని గోల. మీ డ్రైవరుకు ముందే చెప్పండి: "తొందరేం లేదు, దూరంగా ఆపినా ఫర్వాలేదు" అని. అలా చెప్పినవాళ్ళకే డ్రైవరు ప్రశాంతంగా ఇంకో దారిలో ఒంటరి పులిని చూపించిన సందర్భాలున్నాయి.

ఏనుగులు కావాలనే పిల్లలుంటే ఈ రెండూ కావు. బండీపూర్, ముదుమలై వైపు పోవాలి. అవీ ఎక్కువభాగం ఆకురాల్చే అడవులే. ప్రయాణం మాత్రం బెంగళూరు, మైసూరు మీదుగా పెద్దది.

ఇంటికి దగ్గర్లోవి

నెల్లూరు నుంచి దక్షిణంగా ఉన్నవాళ్ళకు శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు దగ్గర. 1989లో ఏర్పడింది, 353 చదరపు కిలోమీటర్లు. అందులోని తలకోన జలపాతం 270 అడుగులు. జీపు సఫారీ కోసం అక్కడికి పోకూడదు. నడక కోసం, ఎర్రచందనం చెట్ల కోసం, నీళ్ళ కోసం పోవాలి. అదీ ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు నుంచి జనవరి లోపు. పెంచలకోన కొండలు కూడా పెనుశిల నరసింహ అభయారణ్యంలోవే, అక్కడా సఫారీ లేదు. స్వామి దర్శనం చేసుకుని, కొండవాగు దాకా నడిచి రావచ్చు.

ఆరేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళకు అసలు సఫారీకంటే ముందు నేలపట్టు పక్షుల కేంద్రం చూపించమంటాను. చలికాలంలో దొరవారిసత్రం దగ్గర ఆగితే, నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటే పొద్దుపోయేదాకా చూడొచ్చు. ఏ జంతువు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. పసిపిల్లలకు ఎదురుచూపు రాదు కదా.

శ్రీశైలం డ్యాం దాటితే తెలంగాణవైపు అమ్రాబాద్ రిజర్వులో, మన్ననూరు దగ్గర ఫరహాబాద్ సఫారీ ఉంది. ఎత్తైన పీఠభూమి, చూపు బాగుంటుంది. హైదరాబాదులో బంధువులుండి ఆ దారిన పోయేవాళ్ళకు సరిపోతుంది. మన జిల్లాల నుంచి దానికోసమే ప్రత్యేకంగా పోనక్కర్లేదు.

ఎప్పుడు?

చోటు ఎంచుకోవడం కంటే నెల ఎంచుకోవడం ముఖ్యం. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, టైగర్ రిజర్వుల్లో సఫారీలు మూసేస్తారు. తాడోబాలో కోర్ మూసినా బఫర్ నడుస్తుంది. దసరా సెలవులకు తెరుస్తారు గానీ అప్పుడు నల్లమల పచ్చగా, దట్టంగా ఉంటుంది. పది గజాల అవతల దుప్పి నిలబడినా కనపడదు. అడవి అందం చూడాలంటే మంచి కాలమే, జంతువులకు కాదు.

ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది. మార్చికి మోదుగ పూసి కొండవాలు ఎర్రబడుతుంది. చూపు దూరం పోతుంది. వాగులు ఎండే కొద్దీ జంతువులు మిగిలిన నీళ్ళ దగ్గరికి చేరతాయి. అటవీశాఖ వాళ్ళు సిమెంటుతో కట్టి నీళ్ళు నింపే సాసర్ పిట్ల దగ్గర సాయంత్రాలు సందడి. నల్లమలకు నా ఓటు ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి చివర దాకా. కాకపోతే ఈ కాలంలోనే మహాశివరాత్రి, ఉగాది వస్తాయి. పాదయాత్రికులతో నాగలూటి, పెచ్చెరువు దారులు నిండిపోతాయి, శ్రీశైలం రోడ్డు మీద బండ్లు బారులు తీరతాయి. ఆ రెండు పండగలకు అటూ ఇటూ వారం వదిలేసి వెళ్ళండి.

బడి పిల్లలున్న ఇళ్ళకు ఇక్కడే చిక్కు. దసరా వదిలేస్తే పిల్లలకు సెలవులుండేది సంక్రాంతికి, ఎండాకాలంలో. సంక్రాంతికైతే నల్లమలకు వెళ్ళండి, చలి బాగుంటుంది, రాత్రి బసకు హాయి. ఏప్రిల్, మే సెలవులైతే తాడోబాకు వెళ్ళండి. చంద్రపూర్ ఎండ మామూలు ఎండ కాదు, 45 డిగ్రీలు దాటుతుంది. కానీ పులి గంటల తరబడి నీళ్ళలో కూర్చునేది అప్పుడే. పెద్దవాళ్ళకు బీపీ, గుండె జబ్బు ఉంటే మాత్రం మే నెల తాడోబా పెట్టుకోవద్దు. వాళ్ళను ఇంట్లో వదలడం ఇష్టంలేకపోతే డిసెంబరుకు మార్చుకోండి. పులి కనపడే అవకాశం కొంచెం తగ్గుతుంది, అందరూ క్షేమంగా వెళ్ళొస్తారు.

నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఏ జీపులోనైనా వెనక సీటు ఎక్కకూడదు. మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు, చెవులు మూసే టోపీ లేదా తుండుగుడ్డ, దోమల క్రీము, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చాలు. సెంటు పూసుకోకండి. చిప్స్ ప్యాకెట్లు బండిలోకే తీసుకెళ్ళకండి, శ్రీశైలం రోడ్డు పక్కన కోతులకు అలవాటు చేసిన పాపం ఇప్పటికే మనకు చాలా ఉంది.

బయలుదేరే ముందు క్యాంపుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. ఆ రోజు సఫారీ నడుస్తుందా, సాయంత్రం ఒకటీ పొద్దున ఒకటీ దొరుకుతాయా, చెంచు గైడు వెంట వస్తాడా. ఎండాకాలంలో కార్చిచ్చు వస్తే దారులు మూస్తారు, అది ముందురోజు దాకా తేలదు.

ఒంగోలు నుంచైతే శనివారం పొద్దున్నే బయలుదేరి పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా మధ్యాహ్నం భోజనానికి బైర్లూటి చేరొచ్చు. సాయంత్రం ఒక సఫారీ, ఆదివారం పొద్దున ఇంకొకటి. తిరుగు ప్రయాణంలో శ్రీశైలం దర్శనం కూడా కావాలనుకుంటే దోర్నాల ఘాట్ రోడ్డు గేటు సంగతి గుర్తుంచుకోండి. జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మూసేస్తారు. కొండ మీద ఆలస్యమైతే గేటు దగ్గర బతిమాలకుండా రాత్రికి శ్రీశైలంలోనే గది తీసుకోండి. తాడోబాకైతే మంగళవారం రాత్రి నెల్లూరులోనో ఒంగోలులోనో రైలెక్కి, బుధవారం విశ్రాంతి తీసుకుని, గురు, శుక్రవారాల్లో సఫారీలు పెట్టుకోండి. వారాంతపు రేటూ తప్పుతుంది, రద్దీ కూడా తక్కువ.